అద్దాల గోళం, కూటస్థ దీపం

వెలుతురును అలంకారంగా వాడుకోవడం మనిషిని వెలుగు తత్త్వానికి దగ్గర చేస్తుందా, దూరం చేస్తుందా అన్నది భారతీయ దర్శనాలకు కొత్త ప్రశ్న కాదు; అయితే 1970ల నాటి డిస్కో దీపాలంకరణ, అంటే గుండ్రంగా తిరిగే అద్దాల గోళం, రంగులు మార్చే దీపాలు, తాళానికి తగినట్టు వెలిగి ఆరే మెరుపులు, పెళ్ళి పందిళ్ళలోకీ ఊరేగింపుల్లోకీ కొత్త ఇళ్ళ ముందుగదుల్లోకీ పాతకాలపు సొగసుగా తిరిగివస్తున్న ఈ రోజుల్లో ఆ ప్రశ్నను మళ్ళీ మొదటినుంచి అడగవలసి ఉంది. సాధారణంగా దీనికి రెండు తొందరపాటు సమాధానాలు వినిపిస్తాయి: ఇవన్నీ ఇంద్రియాలను మభ్యపెట్టే తళుకులు కాబట్టి భక్తికీ జ్ఞానానికీ విరోధులని కొందరు, వెలుగు ఏ రూపంలో ఉన్నా వెలుగే కాబట్టి విచారించవలసింది ఏమీ లేదని మరికొందరు అంటారు. ఈ రెండూ వెలుగు పనిచేసే తీరును పరిశీలించకుండా పుట్టిన తీర్పులు. అద్దాల గోళం చేసే పనిని నిదానంగా చూసినవారికి, 600 ఏళ్ళకు పైబడిన కాలం కిందట తెలుగు కన్నడ నేలల సరిహద్దులో వికసించిన అద్వైత విచారం సరిగ్గా అదే దృశ్యాన్ని ఆలంబనగా తీసుకుని జీవుడెవరో తేల్చడానికి పూనుకున్నదని తెలుస్తుంది.

కర్ణాటకలోని తుమకూరు జిల్లా, పావగడ తాలూకాకు చెందిన క్యాతగానచెర్లు ఈ విచారానికి తగిన చోటు. చుట్టూ చాలామేరకు ఆంధ్రప్రదేశ్ నేలే ఉన్న ఈ తాలూకాలో తెలుగు ఇంటి భాషగా, సంత భాషగా నిలిచి ఉంది. వానలు తక్కువై కరువు తరచుగా పలకరించే ఈ మెట్ట భూముల్లో ఎండకు మాత్రం ఎన్నడూ కొరత లేదు. ఆ ఎండనే పంటగా మార్చుకునే ప్రయత్నంలో భాగంగా తిరుమణి, బళసముద్ర, వళ్ళూరు, రాయచెర్లు గ్రామాలతో పాటు క్యాతగానచెర్లు భూముల్లోనూ 'శక్తిస్థల' అన్న పేరుతో పావగడ సౌరోద్యానం వెలిసింది. కేంద్ర, రాష్ట్ర సంస్థల ఉమ్మడి సంస్థగా 2015లో ఏర్పడిన కర్ణాటక సోలార్ పార్క్ అభివృద్ధి సంస్థ దీనిని చేపట్టగా, 2018 మార్చి 1న ప్రారంభోత్సవం జరిగి, 2019 చివరికి 2,050 మెగావాట్ల స్థాపిత సామర్థ్యం పూర్తయింది. సుమారు 13,000 ఎకరాల్లో పరచుకున్న ఈ ఉద్యానం కోసం రైతుల భూమిని కొనకుండా, మొదట్లో ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయల చొప్పున, రెండేళ్ళకొకసారి 5 శాతం పెరిగే ఒప్పందంతో కౌలుకు తీసుకున్నారు. సూర్యకాంతి ఇంత నేరుగా ఊరి బతుకులోకి, ఇంటి లెక్కలోకి వచ్చిన గ్రామాలు తెలుగువారికి ఎక్కువ లేవు. అందువల్ల వెలుగంటే ఏమిటి, అది ఎవరిది, దానిని అలంకారంగా ఖర్చు చేయడం ఎప్పుడు ధర్మం అన్న ప్రశ్నలు ఇక్కడ పుస్తకాల ప్రశ్నలుగా మిగిలిపోవు.

డిస్కో అలంకరణకు ప్రాణమైన అద్దాల గోళం డిస్కో యుగం కంటే చాలా పాతది. అమెరికాకు చెందిన లూయీ బెర్నార్డ్ వోస్ట్ దానికి 1917లోనే పేటెంటు పొందాడు. ఆ తరువాత అది నృత్యశాలల్లో దశాబ్దాలపాటు తిరిగి, 1977లో న్యూయార్క్‌లో తెరుచుకున్న స్టూడియో 54 వంటి చోట్లా, అదే ఏడాది వచ్చిన 'సాటర్డే నైట్ ఫీవర్' సినిమా వల్లా ఒక తరం ఉత్సాహానికి గుర్తుగా మారింది. 1982లో హిందీ 'డిస్కో డాన్సర్', 1984లో తెలుగు 'డిస్కో కింగ్' ఆ రంగుల వేదికను మన ఊళ్ళ టూరింగ్ టాకీసుల దాకా తెచ్చాయి. దాని నిర్మాణం మాత్రం చాలా సరళం: గోళం ఉపరితలమంతా చిన్న చిన్న చదునైన అద్దపు ముక్కలు అతికిస్తారు, దానిని ఒక చిన్న మోటారు నెమ్మదిగా తిప్పుతుంది, దూరం నుంచి ఒక సన్నని దీపపు కిరణాన్ని దానిపైకి మళ్ళిస్తారు. గోళానికి సొంత వెలుగు లేదు; దీపం ఒక్కటే, అయినా ఎన్ని ముక్కలకు ఆ కిరణం తగిలితే అన్ని చుక్కలు గోడల మీద పాకుతాయి. గోళం ఎంత కోణం తిరిగితే ప్రతిఫలించిన కిరణం దానికి రెట్టింపు కోణం తిరుగుతుంది కనుక, గోళపు మందగమనం గోడ మీద వడిగా కనిపిస్తుంది. దీపం కదలదు, కాంతి స్వభావం మారదు, అద్దం మాత్రమే తిరుగుతుంది. చూసేవారికి మాత్రం గదే తిరుగుతున్నట్టు ఉంటుంది.

ఇటువంటి అలంకారం తెలుగువారి ఆరాధనకు పరాయిది కాదు. దేవతకు రాజోపచారాలు చేసేటప్పుడు గొడుగు, వింజామర, నృత్యం, గీతం వంటి సేవలతో పాటు దర్పణం చూపడం కూడా ఉపచారమే. తిరుమల ఆలయంలోని అద్దాల మండపంలో డోలోత్సవం జరిగేటప్పుడు ఊయలలోని స్వామి రూపం నలువైపులా అద్దాల్లో అనేకమై భక్తులకు కనిపిస్తుంది. పల్నాడులోని కోటప్పకొండకు మహాశివరాత్రినాడు తరలివచ్చే విద్యుత్ ప్రభలు, అంటే రంగుదీపాలతో కూర్చిన ఎత్తయిన అలంకృత చట్రాలు, ఊరంతా కలిసి కష్టపడి త్రికోటేశ్వరునికి సమర్పించే వెలుగులే. సీమ పల్లెల్లో ఊరిదేవరకూ తేరుకూ కట్టే సీరియల్ లైట్ల తోరణాలు, పెళ్ళికొడుకు ఊరేగింపులో బండి మీద తిరిగే రంగుదీపాలు ఈ వరుసలోనివే. ఒక చమురుదీపం వెలిగించి చేయి జోడించే వ్యక్తికీ, వెయ్యి బల్బుల తోరణం కట్టే యువకుల బృందానికీ మధ్య భక్తిలో హెచ్చుతగ్గులు ఎంచడం తగదు. సంశయం భక్తి విషయంలో లేదు. ఇంతటి వెలుగు మధ్య నిలిచిన మనిషికి ఆ వెలుగు ఏమి చూపిస్తోంది, ఏమి దాస్తోంది అన్నదే విచారించవలసింది.

వెలుగును గురించిన ఉపనిషత్తుల విచారం ఇక్కడ దారి చూపుతుంది. బృహదారణ్యకంలో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ణి మనిషికి వెలుగు ఏది అని అడిగినప్పుడు, సమాధానం సూర్యునితో మొదలై, సూర్యుడు అస్తమిస్తే చంద్రుడు, అతడూ లేకపోతే అగ్ని, అదీ ఆరిపోతే వాక్కు అంటూ సాగి, చివరకు ఆత్మ దగ్గర ఆగుతుంది. ఈ క్రమంలో ప్రతి వెలుగూ మరొకదానిపై ఆధారపడి ఉన్నది. ఆత్మ ఒక్కటే స్వయంజ్యోతి, అంటే తాను తెలియబడడానికి మరో వెలుగు అవసరం లేనిది. కంటికి దీపం కావాలి, దీపం ఉన్నదని తెలియడానికి కన్ను కావాలి, కన్ను చూస్తోందని తెలియడానికి మనస్సు కావాలి. కాని మనస్సులో ఒక తలపు ఉన్నదనీ లేదనీ తెలిపే ఎరుకను వెలిగించడానికి మరో ఎరుకను వెతికితే ఆ వెతుకులాటకు అంతం ఉండదు. ఈ అనంతపు వెతుకులాటను శాస్త్రకారులు అనవస్థ అంటారు, దానినుంచి తప్పించుకునే దారి స్వయంప్రకాశాన్ని ఒప్పుకోవడమే అంటారు.

ఆ స్వయంప్రకాశమైన ఎరుకకూ, కోపించే, ఆశపడే, పెళ్ళి పందిట్లో ఆడిపాడే జీవునికీ ఉన్న సంబంధాన్ని 14వ శతాబ్దపు 'పంచదశి' గ్రంథం ఒక అపురూపమైన దృశ్యంతో వివరిస్తుంది. సంప్రదాయం ఈ గ్రంథాన్ని విజయనగర రాజ్యారంభ కాలంలో జీవించి, 1380 నుంచి 1386 వరకు శృంగేరి పీఠాన్ని అధిష్ఠించిన విద్యారణ్యులకు ఆపాదిస్తుంది. ఆ రాజ్యానికి 1565 తరువాత రాజధాని అయిన పెనుగొండ పావగడకు పొరుగు సీమలోనే ఉంది. ఆ గ్రంథంలోని 'కూటస్థదీప' ప్రకరణం ఒక గోడను ఊహించమంటుంది. ఆకాశంలోని సూర్యుని వల్ల ఆ గోడ అంతటా సమానంగా వెలిగి ఉంది. దానికి తోడు అనేక అద్దాల్లో ప్రతిఫలించిన సూర్యకాంతి అక్కడక్కడ మరింత ప్రకాశవంతమైన మచ్చలుగా పడుతోంది. గోడ శరీరం వంటిది. అంతటా పరచుకున్న సామాన్య ప్రకాశం కూటస్థ చైతన్యం, అంటే మార్పు లేని సాక్షి. అద్దపు మచ్చలు చిదాభాసలు, అంటే బుద్ధి అనే అద్దంలో ప్రతిఫలించి 'ఇది నేను చూశాను, ఇది నేను కోరాను' అని వ్యవహరించే చైతన్యపు ప్రతిబింబాలు. మచ్చకూ మచ్చకూ మధ్య ఉన్న ఎడాన్ని ఆ గ్రంథం సంధి అంటుంది. ఆ సంధుల్లోనూ, మచ్చలన్నీ లేనప్పుడూ సామాన్య ప్రకాశం తనంత తానుగా తెలుస్తుందనీ, అదే విధంగా ఒక తలపుకూ మరో తలపుకూ నడుమ సాక్షి చైతన్యాన్ని గుర్తించవచ్చుననీ చెబుతుంది.

అద్దాల గోళం వేలాడే గదికి ఈ దృశ్యం ఎంత దగ్గరగా ఉన్నదో, ఒక్క చోట అంత భిన్నంగానూ ఉంది, ఈ భేదమే మన విచారానికి కీలకం. విద్యారణ్యుల గోడ మీద సంధులు వెలిగి ఉన్నాయి. డిస్కో గదిలో సంధులు చీకటి. గోళపు చుక్కలు కనిపించాలంటే తలుపులు మూసి, కిటికీ తెరలు దించి, సామాన్య ప్రకాశాన్ని ముందే తొలగించాలి. అలా తొలగించిన గదిలో మనస్సు సహజంగానే, వెలుగంటే ఈ పరుగెత్తే చుక్కలే, మిగిలినదంతా లేమి అని నిర్ణయించుకుంటుంది. సంసారంలో మనిషి చేసే పొరపాటు కూడా ఇదే తీరుది: వెలిగే తలపులనూ అనుభవాలనూ మాత్రమే బ్రతుకుగా లెక్కించి, వాటి నడుమ ఉన్న నిశ్చలతను శూన్యమనుకొని, అది కాసేపు ఎదురైనా భయపడి మరో మెరుపు కోసం పరుగెడతాడు. కొత్త అలంకరణలో చుక్కల మధ్య చీకటి కూడా భరించలేక మరిన్ని రంగులు, మరింత వేగం, మరింత మోత చేర్చాలన్న ఆరాటానికి మూలం ఈ భయమే.

అయినా ఆ చీకటి నిజంగా వెలుగులేనిదేనా అన్న ప్రశ్న మిగిలి ఉంది. చీకటి అంటే తేజస్సు లేకపోవడం మాత్రమేనని న్యాయ వైశేషికులు చెప్పగా, అది కూడా ఒక ద్రవ్యమేనని భాట్ట మీమాంసకులు వాదించారు. అద్వైతులు ఈ వివాదంలో ఏ పక్షం వహించినా, ఒక్క సంగతిని మాత్రం గట్టిగా పట్టుకున్నారు: చీకటి ఉన్నదని తెలుస్తోంది. దీపం ఆరిన గదిలో కన్ను దేనినీ చూడకపోయినా, 'ఏమీ కనిపించడం లేదు' అన్న ఎరుక లోపించదు. ఆ ఎరుకకు బయటి దీపం ఆధారం కాదు. కాబట్టి డిస్కో గదిలోని సంధులు భౌతికంగా చీకటివే అయినా, వాటిని చీకటిగా చూసేవానికి అవి తెలుస్తూనే ఉన్నాయి. చుక్కనూ, చుక్కకూ చుక్కకూ నడుమ చీకటినీ ఒకే తీరుగా తెలిపే ఈ ఎరుకే కూటస్థ దీపం. ఈ కోణంలో చూస్తే అద్దాల గోళం విద్యారణ్యుల దృష్టాంతాన్ని మరింత కఠినమైన పరీక్షగా మార్చి మన ముందు ఉంచుతుంది: సామాన్య ప్రకాశం కంటికి దక్కనప్పుడు కూడా దానిని గుర్తించగలవా అని అడుగుతుంది.

ఈ గోళం నేర్పే మరొక పాఠం కాంతిశాస్త్రంలో ఉంది. ఒక చిన్న చతురస్రపు అద్దపు ముక్కతో ఎండను దగ్గరి గోడ మీదికి మళ్ళిస్తే పడే మచ్చ చతురస్రంగానే ఉంటుంది. కాని గోడ తగినంత దూరమైతే ఆ మచ్చ గుండ్రంగా మారుతుంది, ఎందుకంటే దూరం పెరిగినకొద్దీ అద్దపు ఆకారం లెక్కకు రాకుండా పోయి, సూర్యుని ఆకారమే అక్కడ ఏర్పడుతుంది. వేదాంతులు ఉపాధి అనే మాటను ఇటువంటి సందర్భంలోనే వాడతారు: తన గుణాన్ని దగ్గర ఉన్న మరొకదానికి అంటించినట్టు కనిపింపజేసేది ఉపాధి, ఎర్రని మందారపువ్వు దగ్గర ఉంచిన స్ఫటికం ఎర్రబడినట్టు తోచడం దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. దగ్గరగా చూసినప్పుడు ప్రతి జీవుడూ తన కులం, భాష, ధనం, వయస్సు అనే అద్దపు ముక్క ఆకారంలోనే కనిపిస్తాడు. విచారం అనే దూరం నుంచి చూసినప్పుడు ఆ ముక్కల అంచులు చెరిగి, అన్నింటిలోనూ ఒకే మూలం ఆకారం తెలుస్తుంది. అద్వైతంలోనే, ప్రతిబింబం మూలం కంటే వేరు కాదని చెప్పే 'వివరణ' సంప్రదాయానికీ, చైతన్యాన్ని ఉపాధి హద్దు కట్టినట్టు మాత్రమే తోస్తున్నదని చెప్పే భామతీ సంప్రదాయానికీ మధ్య సూక్ష్మమైన భేదాలు ఉన్నా, మచ్చను చూసి మూలాన్ని మరువరాదన్న దగ్గర రెండూ కలుస్తాయి.

ఇక్కడ ఒక బలమైన ఆక్షేపణ వస్తుంది. అలంకారపు వెలుగులు తత్త్వానికి ఉదాహరణలు కాగలవేమో గాని, నిజ జీవితంలో అవి మనస్సును చెదరగొట్టేవే కాబట్టి సాధకుడు వాటిని విడిచి వెళ్ళడమే మేలు కదా అని అడగవచ్చు. గ్రీకు తత్త్వవేత్త ప్లేటో తన 'రిపబ్లిక్'లో ఊహించిన గుహలో, గోడ మీది నీడలనే సత్యమనుకునే బందీకి విముక్తి గుహ వదిలి సూర్యకాంతిలోకి నడవడంలోనే ఉంది. గౌడపాదాచార్యుల మాండూక్య కారికల్లోని 'అలాతశాంతి' ప్రకరణం కూడా, తిప్పే కొరివి వల్ల కనిపించే వంకర గీతలూ వలయాలూ కొరివి నిలిచినప్పుడు ఎక్కడికీ పోకుండా లేకుండా పోతాయని చూపి, చలనం ఆగితేనే భ్రాంతి శమిస్తుందని సూచిస్తుంది. ఈ ఆక్షేపణలో సత్యం ఉన్నది. ఎడతెగని చలనం మధ్య విచారం కుదరదు, నిశ్చలతను ఎన్నడూ రుచి చూడనివాడు సంధిని గుర్తించలేడు.

అయితే పంచదశి మరొక దారిని కూడా తెరిచి ఉంచింది. దానిలోని 'నాటకదీప' ప్రకరణంలో నృత్యశాలలో వెలిగే ఒక దీపం సభాపతినీ, సభికులనూ, నర్తకినీ ఏ భేదం లేకుండా వెలిగిస్తుంది, వారంతా వెళ్ళిపోయిన తరువాత కూడా అలాగే వెలుగుతుంది. సభాపతి అహంకారం, సభికులు విషయాలు, నర్తకి బుద్ధి, తాళం వేసేవారు ఇంద్రియాలు, దీపం సాక్షి. విద్యారణ్యులు నృత్యాన్ని ఆపమనలేదు, సభను చెదరగొట్టమనలేదు; సభ జరుగుతుండగానే దీపాన్ని గుర్తించమన్నారు. ప్లేటో బందీ గుహ దాటాలి. నాటకదీపపు సాధకుడు తాను నిలిచిన చోటనే చూపును సవరించుకోవాలి. ఈ ప్రకరణాన్ని శ్రద్ధగా అనుసరించేవారికి డిస్కో వెలుగుల పందిరి కూడా విచారానికి వెలియైన చోటు కాదు, ఎందుకంటే రంగు మారినప్పుడల్లా మారనిది ఏది అన్న ప్రశ్న అక్కడ ప్రతి క్షణం కంటి ముందే నిలుస్తుంది.

చూపును సవరించుకోవడం జ్ఞానపు వైపు అయితే, వెలుగును పంచుకోవడం ధర్మపు వైపు. పావగడ పట్టణంలోని శనైశ్చర స్వామి ఆలయానికి నువ్వులనూనె దీపాలతో వచ్చే భక్తులు ఆరాధించే దైవం, పురాణాల ప్రకారం సూర్యునికీ ఛాయాదేవికీ, అంటే వెలుగుకూ నీడకూ పుట్టినవాడు. ఎండను కోసి విద్యుత్తుగా మార్చే తాలూకాలోనే నీడకు బిడ్డ అయిన దేవునికి ఇంత ఆదరణ ఉండడం వెలుగు గురించిన ధర్మవిచారానికి ఒక అవసరమైన హెచ్చరికను జోడిస్తుంది: ప్రతి వెలుగుకూ ఒక నీడ ఉంటుంది, ఆ నీడలో ఎవరున్నారో చూడడం వెలుగును అనుభవించేవారి బాధ్యత. కౌలు డబ్బు భూమి ఉన్నవారికి భరోసా అయింది. ఆ భూముల్లో కూలిచేసి బతికిన భూమిలేనివారికి ఆ ఒప్పందంలో చోటు లేదు. సౌరఫలకాలు రాత్రి పనిచేయవు కాబట్టి, రాత్రి పందిట్లో తిరిగే అద్దాల గోళానికి ఆ వేళ అందే విద్యుత్తు మరెక్కడో నీటి వల్లనో గాలి వల్లనో బొగ్గు వల్లనో పుట్టి గ్రిడ్ దారిన వస్తుంది; పగలు ఈ ఊరు ఇతరులకు ఇస్తుంది, రాత్రి ఇతరుల నుంచి పుచ్చుకుంటుంది. గోళపు ప్రతి చుక్కా అప్పు తెచ్చుకున్న వెలుగే అన్న తత్త్వం ఈ ఊరి విషయంలో అక్షరాలా నిజం.

దీనినుంచి అలంకరణకు కొన్ని నియమాలు సహజంగా పుడతాయి. మొదటిది, అలంకారం మూలాన్ని కప్పకూడదు: దేవుని ముఖం మీద రంగుదీపాలు మారుతూ అర్చకుని హారతి కూడా కనిపించని స్థితి వస్తే, అక్కడ సేవ ఆవరణగా, అంటే తెరగా మారింది. రెండవది, అలంకారం సంధిని మిగల్చాలి: ఊరేగింపులో మెరుపుల వేగం తగ్గి, మోత ఆగి, ఊరు తన ఊపిరిని తాను వినగల వ్యవధి ఉండాలి. మూడవది, అలంకారం ఎవరికీ హింస కాకూడదు: సెకనుకు అనేకసార్లు వెలిగి ఆరే స్ట్రోబ్ మెరుపులు కొందరు మూర్ఛ రోగుల్లో మూర్ఛను ప్రేరేపిస్తాయని వైద్యులకు తెలిసిన సంగతే, ఆ ఒక్క కారణం చాలు జనసమూహంలో వాటిని అదుపులో ఉంచడానికి. నాలుగవది, వెలుగు పంపకంలో న్యాయం ఉండాలి: గుడి ముందు తోరణానికి దొరికే దీపం, అదే ఊరిలో కూలివాడలోని వీధికి దొరకకపోతే, ఆ తోరణం ఎంత అందంగా ఉన్నా పూజ పూర్తి కాదు.

ఈ నియమాలు డిస్కో వెలుగులకు మాత్రమే వర్తించేవి కావు. చమురుదీపానికీ, కర్పూర హారతికీ, కోటప్పకొండ ప్రభకూ, పండితుని వాక్కుకూ సమానంగా వర్తిస్తాయి, ఎందుకంటే ఇవన్నీ అద్దాలే. సౌరఫలకం పని వీటికి భిన్నం: అద్దం తనపై పడిన వెలుగును చాలామటుకు తిప్పికొడుతుంది, ఫలకం మాత్రం ప్రతిఫలనాన్ని తగ్గించే పూతతో ఆ వెలుగును వీలైనంత లోపలికి తీసుకుని, మరొకరికి ఉపయోగపడే శక్తిగా మారుస్తుంది. తత్త్వాన్ని విని మరొకరికి వల్లించడం అద్దపు పని; విన్నదానిని మననంతోనూ నిదిధ్యాసనంతోనూ, అంటే ఎడతెగని ధ్యానంతోనూ, లోపలికి తీసుకుని ప్రవర్తనగా మార్చడం ఫలకపు పని. మనుషులకు రెండూ కావాలి. పండుగనాడు అద్దమై వెలుగును నలుగురిపై చల్లడంలో తప్పు లేదు, ఆ సంతోషం కూడా ఆరాధనే. కాని ఆ వెలుగు తనది కాదని తెలిసినవాడే దానిని గర్వం లేకుండా చల్లగలడు, తాను చల్లలేని చోటు ఇంకా ఏది మిగిలి ఉన్నదో వెతకగలడు. వెలుగును అలంకరించడం తత్త్వానికి విరోధం కాదు. అలంకరించిన వెలుగునే తానని నమ్మి, దాని మూలాన్నీ దాని నీడలో ఉన్నవారినీ మరచిపోవడమే విరోధం.